జ్వరం లేనివాళ్ళ జాబితా

“ఆ ఫ్లాస్కు ఎత్తుకోని వచ్చిన దావనే పో సిస్టరమ్మా. నా ఫ్రిజ్జులో దానికి చోటు లేదు.”

పెద్దన్న వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎదురుగా నర్సు పరంజ్యోతి. ఆమె తెల్ల బూట్లు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఫర్వానియాలోని తన పాత క్లినిక్ నుంచి ఖైతాన్ దాకా, సైనికులు నిలబడే రెండు మలుపులూ తప్పించుకుంటూ, సందుల్లోంచి నడిచి వచ్చింది. ఫ్లాస్కును రెండు చేతులా గుండెకు ఆనించుకుంది.

“చోటు మీరివ్వక్కర్లేదండి. పక్కకి జరిగితే నేనే చూసుకుంటాను. లోపల ఐసు కరిగిపోతోంది పెద్దన్నగారూ. కరిగిపోయిందంటే ఇంక దీన్ని పారబోయడమే.”

“పారబొయ్యి. మేలు.”

పెద్దన్న వెనక, పొయ్యి దగ్గర, అతని భార్య వెంకటేశ్వరి గంజి కలుపుతోంది. ముందు గదిలో మూలుగుతున్న ఐదుగురి కోసం ఆ గంజి. గరిట ఆపలేదు, తల ఎత్తలేదు. కానీ చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

“పొద్దున్నే చెప్పకుండా పొయ్యి, యుద్ధంలో సూదిమందు తెస్తావా? దావలో ఎవరన్నా పట్టుకోనుంటే? ‘యాడిది ఈ మందు, ఎవరికి’ అని నీ ఎనకాలే వచ్చుంటే? ఈ ఇంట్ల ఇరవై రెండు మందిమి ఉండాం.”

“అందుకేనండి తెచ్చింది. ఇరవై రెండు మంది ఉన్నారనే.”

ఇరాకీ సైన్యం కువైత్‌లోకి వచ్చి నెలా పదిహేను రోజులైంది. వీసాలిచ్చి తెచ్చుకున్న యజమానులు, కఫీళ్ళు, కొందరు ఆ రాత్రికి రాత్రే సరిహద్దు దాటేశారు. వాళ్ళ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు తెలిసినవాళ్ళ గడపలు వెతుక్కుంటూ వచ్చారు. దర్జీ పెద్దన్నది మూడు గదుల ఇల్లు. కడప వైపు నుంచి వచ్చినవాడెవడూ ఆ గడప నుంచి వెనక్కి పోలేదు. సిస్టర్ పరంజ్యోతిది నర్సాపురం దగ్గర పల్లె అయినా, పెద్దన్న చెల్లెలు మునిలక్ష్మికి ఏడో నెలని తెలిసి వచ్చి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

జ్వరం మొదలైంది ఐదు రోజుల క్రితం. ముందు వడ్రంగి ఆంజికి. గొంతు మంట, దగ్గు, ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు. మర్నాడు అతని పక్కన పడుకున్న ఇద్దరికి. ఆ తర్వాత వాళ్ళ పక్కవాళ్ళకి. ఇది మామూలు పడిశం కాదని, ఇన్‌ఫ్లూయెంజా అని పరంజ్యోతి మూడో రోజునే అంది. పెద్దన్న ఆ మాటను ఇంట్లో ఎవరూ నోటితో అనకూడదన్నాడు.

ఎందుకంటే శనివారం బస్సు ఉంది. బస్రా మీదుగా బాగ్దాదు, అక్కడి నుంచి జోర్డాను, అక్కడ విమానం. మనవాళ్ళే నలుగురు కలిసి పేర్లు రాస్తున్నారు. రోగం ఉన్న ఇంటివాళ్ళను ఎక్కించుకోరన్న మాట ఖైతాన్ అంతా పాకింది.

“ఈ జ్వరం మాట గడప దాటిందంటే ఖలాస్,” అన్నాడు పెద్దన్న గొంతు తగ్గించి. “లిస్టులో ఒక్క పేరు మిగలదు. నా చెల్లెలు ఈ ఇసకలో కనాల్సి వస్తాది. నీకు తెలుస్తాందా?”

“మీ చెల్లెలి కోసమే ముందు చెబుతున్నాను. ఆవిడకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. కడుపుతో ఉన్న మనిషికి ఈ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగితే నేను కాదుకదా, పెద్ద ఆసుపత్రి కూడా...”

గదిలోంచి మునిలక్ష్మి వినడం గమనించి ఆగిపోయింది.

వెంకటేశ్వరి గరిట పక్కన పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫ్రిజ్జు తలుపు తీసింది. మధ్య అరలో ఉన్న పెరుగు గిన్నె, పిండి ముద్ద బయటికి తీసింది. భర్తను ఏమీ అడగలేదు.

“ఏమ్మే!”

“పిండి ఈ పూటే వత్తేస్తాలేయ్యా,” అంది వెంకటేశ్వరి. “నువ్వు పెట్టు పరంజ్యోతీ.”

పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. పెద్దన్న వద్దన్న పని ఆమె అతని ఎదుట చేయడం అదే మొదటిసారి. అతను భార్య వంక కాసేపు చూశాడు. ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. మిషను చప్పుడు మామూలుకంటే గట్టిగా వినపడింది.

*

ఫ్లాస్కులో ఉన్నది ఒక్కటే సీసా. బొటనవేలంత. హజ్‌కి వెళ్ళే ముసలివాళ్ళ కోసం క్లినిక్ డాక్టరు తెప్పించినవాటిలో మిగిలింది.

“యంత్రాలన్నీ లారీల్లో ఎక్కించుకుపోయారక్కా,” అంది పరంజ్యోతి. “ఎక్స్‌రేది, ఆఖరికి బల్లలు కూడా. వెనక గదిలో చిన్న ఫ్రిజ్జు మాత్రం ఎవరికీ కనపడలేదు. ఇంకా చల్లగానే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.”

“ఎంత మందికి వస్తాది?”

“పదిమందికి. గడువు ఈ నెలాఖరు. మూత తెరిచానంటే ఇవాళే అందరికీ వేసెయ్యాలి, రేపటికి ఉంచకూడదు.”

మునిలక్ష్మి గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి పీట మీద కూర్చుంది. “ఇది ఏసుకుంటే జ్వరం తగ్గుతాదా సిస్టర్?”

“తగ్గదమ్మా. వచ్చినవాళ్ళకి ఇది మందు కాదు. రానివాళ్ళకి రాకుండా, వచ్చినా ప్రాణం మీదికి రాకుండా కాస్తుంది. అదీ పద్నాలుగు రోజులకి.”

వెనక గదిలో మిషను ఆగింది. పెద్దన్న నవ్వు వినపడింది.

“విన్నారా? బస్సు ఎక్కేది శనివారం. ఈమె మందు పనిచేసేది పద్నాలుగు దినాలకు. అప్పటికి మనం యాడ ఉంటామో!”

“ఎక్కడ ఉంటామో నేను చెబుతానండి,” అంది పరంజ్యోతి గోడ ఇవతల నుంచే. “సరిహద్దు దగ్గర ఎడారిలో, గుడారాల్లో. విమానం కోసం వారాల తరబడి. వేలమంది. ఒకే నీళ్ళ లారీ దగ్గర. మీ చెల్లెలికి అక్కడ ఈ జ్వరం తగలకుండా ఉండాలంటే సూది ఇవాళే పడాలి.”

మిషను మళ్ళీ మొదలైంది.

“మరి ఈ పద్నాలుగు దినాలూ?” అడిగింది వెంకటేశ్వరి.

“ఈ పద్నాలుగు రోజులూ మనమే కాపాడుకోవాలక్కా. ముందుగదిలోకి నువ్వు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. వాళ్ళ గ్లాసులు, పళ్ళేలు వేరే. ప్రతిసారీ సబ్బుతో చేతులు. మూతికి గుడ్డ. ఏసీ కట్టేసి కిటికీలు తెరవాలి.”

కిటికీల మాట విని హాలులో ఉన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. పైగా సైన్యం వచ్చిన రెండో రోజునే పెద్దన్న కిటికీలన్నింటికీ దుప్పట్లు కొట్టేశాడు, లోపల ఎంతమంది ఉన్నదీ వీధికి తెలియకుండా.

“ఉడికి చస్తాం సిస్టర్.”

“చావం. చెమట పడుతుంది. మూసిన గదిలో ఒకడు దగ్గితే ఆ గాలే అందరం పీలుస్తున్నాం. ఐదు రోజుల్లో ఐదుగురు పడ్డారు. ఇంకో ఐదు రోజులకి ఎంతమందో మీరే చెప్పండి.”

మునిలక్ష్మి భర్త నాగేంద్రప్రసాద్ కుర్చీ లాక్కుని ఎక్కి, దుప్పటి మేకులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. వేడిగాలి, దాంతోపాటు దూరంగా ఎక్కడో ఏదో తగలబడుతున్న వాసన లోపలికి వచ్చాయి.

మూతిగుడ్డలు పెద్దన్నే కుట్టాడు. అంత కోపంలోనూ మిషను దిగలేదు. కువైతీలు తొడుక్కునే పొడుగు తెల్ల దిష్‌దాషాల కోసం దాచిన గుడ్డ తాను కత్తిరించి, నాలుగు మూలలా నాడాలు పెట్టి, నలభైకి పైగా కుట్టి బయటికి పంపాడు. “మాట్లాడితే మాట్లాడినాడుగానీ పని చేస్తాడు మావోడు,” అని వంటచిట్టెమ్మ మెచ్చుకుంది. అందరూ కట్టుకున్నారు. వెంకటేశ్వరికి మనసు కొంచెం తేలికపడింది.

*

సూది వేయించుకోవడానికి మాత్రం ముందు ఒక్కరూ రాలేదు.

“గడువు అయిపోయిన మందంటనే.”

“సూది ఏస్తే ఒళ్ళు కాల్తాదంట. ఆ ఒంటితో బస్సు కాడికి పోతే రోగమని దింపేస్తారు.”

“మన మీద చూస్తాందేమో ఎట్ల పనిచేస్తాదో.”

పరంజ్యోతి అన్నీ విన్నది. కోపం వచ్చినట్టు ఆమె మెడ ఎర్రబడింది, కానీ గొంతు మారలేదు. “గడువు ఇంకా ఉంది. కావాలంటే చదువుకోండి. చెయ్యి ఒకరోజు నొప్పి పుడుతుంది, కొందరికి ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, రెండోరోజుకి పోతుంది. ఇవాళ బుధవారం. శనివారానికి ఏమీ ఉండదు.”

చిట్టెమ్మ లేచింది. యాభై ఐదేళ్ళ మనిషి, చక్కెర జబ్బు. రాజంపేట నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా అరబ్బు ఇళ్ళలో వంట చేస్తోంది. చీర భుజం మీది నుంచి తీసి చెయ్యి చాపింది.

“నాకెయ్యమ్మా. నేను తినని మందా, పొడిపించుకోని సూదా! వీళ్ళు చూసి నేర్చుకుంటారు.”

“ఈ మందు కోడిగుడ్లలో తయారవుతుంది. గుడ్డు తింటే నీకు దద్దుర్లు వస్తాయా చిట్టెమ్మా?”

“దొరికితే రోజుకు నాలుగు తింటా.”

జ్వరం మొదలయ్యాక ఆ ఇంట్లో అందరూ నవ్వడం అదే మొదటిసారి.

పరంజ్యోతి ప్రతివాళ్ళ నాలుక కింద థర్మామీటరు పెట్టి, చూసి, స్పిరిటుతో తుడిచింది. వేడి లేనివాళ్ళకే సూది. చిట్టెమ్మ తర్వాత మునిలక్ష్మి. మునిలక్ష్మి కళ్ళు గట్టిగా మూసుకుని వదిన చెయ్యి పట్టుకుంది.

“కడుపులో బిడ్డకి ఏమీ కాదు గదా?”

“ఏడో నెల. మా డాక్టరుగారు ఉబ్బసం ఉన్న గర్భిణులకి వేయించేవారు, నా చేత్తో నేనే వేశాను. భయపడకు తల్లీ.”

ఆ తర్వాత గుండెజబ్బు ఉన్న ఒక ముసలి కాపలాదారు. రోగుల దగ్గరికి వెళ్ళి వస్తున్న వెంకటేశ్వరి. ఇంకో ఇద్దరు. ఆరుగురు అయ్యేసరికి హాలులో ధోరణి మారిపోయింది. ఇందాక వద్దన్నవాళ్ళే వరసలోకి వచ్చారు. నాలుగే మిగిలాయని తెలిసి తోసుకున్నారు. “నేను ముందు నిలబడినా,” “నువ్వు ఇప్పుడు గదా వచ్చింది,” అంటూ ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. పరంజ్యోతి సూదిని పైకెత్తి పట్టుకుని నిలబడింది. వాళ్ళు వదిలేదాకా కదలలేదు.

తొమ్మిది సూదులు అయ్యాయి.

“పదోది మా ఆయనకి,” అంది వెంకటేశ్వరి. “ఇంటి పెద్ద. ఎట్ల తిట్టినా వేయాల్సిందే.”

“పిలవక్కా. టెంపరేచర్ చూసి వేసేస్తాను.”

“నాకొద్దు!” వెనక గదిలోంచి కేక. “వేరే ఎవరికన్నా ఎయ్యండి. చిన్నోళ్ళకి ఎయ్యండి.”

“ఎంత మంచోడో,” అన్నారెవరో.

వెంకటేశ్వరి గదిలోకి వెళ్ళింది.

*

పెద్దన్న మిషను మీదికి వంగి ఉన్నాడు. ముఖం గోడ వైపు.

“కోపం మందు మీద ఏంటికయ్యా? రా. రెండు నిమిషాలు.”

“చెప్పినా గదా. పని ఉండాది.”

మిషను సూది కింద గుడ్డ లేదు. అతను ఊరికే తొక్కుతున్నాడు. వెంకటేశ్వరి దగ్గరికి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. వేసినంత వేగంగా తీసేసింది.

చొక్కా లోంచి కూడా చెయ్యి కాలింది.

అతను తల తిప్పలేదు. ఆమె మిషను సొరుగు లాగింది. దారపుకండెలు, సుద్దముక్కలు, వాటి కింద జ్వరం బిళ్ళల అట్టలు రెండు. రెండూ ఖాళీ.

“ఎన్ని దినాల నుంచి?”

“తలుపు ఎయ్యి.”

“ఎన్ని దినాల నుంచయ్యా?”

“నిన్న తెల్లారి నుంచి.” దగ్గు వస్తే పక్కనున్న తెల్లగుడ్డ తానులో ముఖం దాచుకుని దగ్గాడు. చప్పుడు బయటికి పోకుండా దగ్గడం అప్పటికే నేర్చుకున్నాడు. “బిళ్ళ ఏసుకుంటే నాలుగు గంటలు పోతాది. శనివారం దాకా లాక్కొస్తా. బస్సు ఎక్కితే చాలు. నువ్వు నోరు మూసుకో ఈశ్వరీ.”

“నిన్న రాత్రి ముని పక్కన కూచ్చోని అన్నం తిన్నావు.”

అతను సొరుగు మూసేశాడు.

“నీ చెయ్యితో దానికి ముద్ద కలిపి పెట్టినావు.”

“నాకు జ్వరమని చెప్తే ఏమవుతాది? చెప్పు. నన్ను ఈడ వదిలేసి మీరు పోతారా? నేను లేకుంటే ఆ బార్డరు కాడ మిమ్మల్ని చూసేది ఎవరు? నాగేంద్రకి అరబ్బీ నాలుగు మాటలు రావు. వీళ్ళందరినీ ఈ ఇంటికి పిలిచింది నేను. ఎక్కించాల్సింది నేనే.” అతను చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. “నేనేమన్నా నా కోసం చేస్తాండానా?”

అతను చెప్పింది అబద్ధం కాదు. ఈ నలభై ఐదు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అతని వల్లే.

బయటికి రాబోతూ గుమ్మం దగ్గర ఆగింది. మిషను పక్కన, ఇంకా నాడాలు కుట్టని మూతిగుడ్డల కుప్ప. దాని పక్కనే అతను ఇప్పుడే ముఖం దాచుకున్న తాను.

బయట అందరి మూతులకీ ఆ గుడ్డలే ఉన్నాయి. మునిలక్ష్మి మూతికి కూడా.

వెంకటేశ్వరి హాలులోకి వచ్చింది. పెద్ద డేగిశాలో నీళ్ళు పోసి పొయ్యి మీదికి ఎక్కించింది. “మూతిగుడ్డలన్నీ ఇప్పండి,” అంది.

“ఇప్పుడే గదా కట్టుకున్నాం అక్కా.”

“ఇప్పండి! ఉడకబెట్టి ఇస్తా. కొత్త గుడ్డ, గంజి వాసన వస్తాంది.”

మరుగుతున్న నీళ్ళలో గుడ్డలు వేసి కర్రతో అదుముతూ నిలబడింది. పరంజ్యోతి వచ్చి పక్కన నిలబడింది. డేగిశా వంక చూసింది, వెనక గది వంక చూసింది, వెంకటేశ్వరి ముఖం వంక చూసింది.

“పదో సూది నాగేంద్రప్రసాద్‌కి వేసెయ్యనా అక్కా?” అంది మెల్లగా.

వెంకటేశ్వరి తల ఊపింది.

*

సాయంత్రం నాలుగింటికి అబ్దుల్ ఖుద్దూస్ వచ్చాడు. దజీజ్‌లో సామాన్ల గోదాములకు లారీలు నడిపేవాడు. ఇప్పుడు బస్సుల పేర్లు రాసేవాళ్ళలో ఒకడు. ఊరు కడపే. పెద్దన్న దగ్గర పదేళ్ళుగా చొక్కాలు కుట్టించుకుంటున్నాడు. లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి కాగితాల కట్ట తీశాడు.

“బస్సు శనివారం కాదు. రేపు తెల్లారి ఐదింటికి. డ్రైవరు అంతకన్నా ఆగడంట. యల్లా, సామాన్లు సర్దుకోండి.”

హాలంతా ఒక్కసారి లేచింది. ఎవరో ఏడ్చారు. చిట్టెమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

“పెద్దన్న భాయ్ యాడ?”

పెద్దన్న బయటికి వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు. కొత్త బిళ్ళ వేసుకున్నాడని ఆ కళ్ళను చూస్తేనే వెంకటేశ్వరికి తెలిసిపోయింది. ఆ అట్ట ఎక్కడ దాచాడో మాత్రం తెలియలేదు.

“ఇంటింటికీ ఒక సంతకం కావాల భాయ్,” అన్నాడు ఖుద్దూస్. “‘మా ఇంట్ల జ్వరం లేదు’ అని. సాల్మియాలో ఒక బస్సులో ఒకడు దగ్గుకుంటా ఎక్కినాడు. జోర్డాను చేరేలోగా తొమ్మిది మంది పడిపోయినారు. ఇంగ ఏ డ్రైవరూ ఒప్పుకోవడం ల్యా. నీ మాట మీద నేను రాసుకుంటా. నీ మాట చాలు నాకు.”

అతను పెన్ను ఇచ్చాడు. పెద్దన్న తీసుకున్నాడు.

ముందుగది తలుపు మూసి ఉంది. లోపల ఐదుగురూ ఊపిరి బిగబట్టుకున్నట్టు ఒక్క దగ్గు కూడా వినపడలేదు. హాలులో పదిహేను మంది నేల చూపులు చూస్తున్నారు. అందరికీ తెలుసు. అందరూ ఆ సంతకం కోసమే ఎదురుచూస్తున్నారు.

పెన్ను కాగితం మీద ఆనింది.

“అన్నా, రాయించొద్దు,” అంది వెంకటేశ్వరి ఖుద్దూస్‌తో.

పెద్దన్న తల ఎత్తాడు. ఆ చూపు ఆమె ఎన్నడూ చూడలేదు. కోపం కాదు, బతిమాలడం.

“ముందుగదిలో ఐదుగురు ఉండారు,” అంది. భర్త వైపు చెయ్యి చూపింది. “ఐదుగురు కాదు. ఆరుగురు. ఈయనకి నిన్నటి నుంచి ఉండాది. నా చెయ్యి కాలింది.”

“వదినా!” మునిలక్ష్మి గొంతు.

హాలులో కలకలం రేగింది. “మమ్మల్నందర్నీ చంపినావు కదక్కా,” అని ఒకడు తల బాదుకున్నాడు. ఇందాక పెద్దన్న పక్కన కూర్చుని టీ తాగినవాడు లేచి గోడ దాకా జరిగాడు.

ఖుద్దూస్ పెద్దన్న చేతిలోంచి పెన్ను తీసుకోబోయి, ఆగి, జేబులోంచి ఇంకొకటి తీశాడు.

“అందరినీ కొట్టేయల్ల నేను,” అన్నాడు. “నా పెండ్లాం బిడ్డలు కూడా ఆ బస్సులోనే ఉండారమ్మా.”

పరంజ్యోతి ముందుకు వచ్చింది. “మిగతావాళ్ళని నేను పొద్దున ఒక్కొక్కరినీ చూశానండి. ఇప్పుడు మీ ఎదురుగా మళ్ళీ చూస్తాను. వేడి ఉన్నవాళ్ళని నేనే ఆపేస్తాను. బస్సులో కిటికీలు తెరిచి, మూతులకి గుడ్డలు కట్టించి, నేను కూడా ఎక్కుతాను. ఎవరికైనా దగ్గు వస్తే వెనక సీట్లోకి మారుస్తాను. దాచినవాళ్ళ బస్సుకంటే చెప్పినవాళ్ళ బస్సు మీకు మంచిది కాదా?”

థర్మామీటరు మళ్ళీ నోటి నోటికీ తిరిగింది. ఆ ముప్పావు గంట హాలులో ఎవరూ కూర్చోలేదు. పదహారు మందికీ మామూలుగానే ఉంది. మునిలక్ష్మికి ఉందని తేలితే తను ఏమైపోయేదో వెంకటేశ్వరి ఊహించుకోలేకపోయింది.

ఖుద్దూస్ ఆరు పేర్లు కొట్టేశాడు. ఆరోది కొట్టేటప్పుడు పెద్దన్న వంక చూడలేదు. “పైవారం ఇంకో బస్సు ఉంటాదో లేదో నాకు తెలీదు భాయ్. ఉంటే మొదటి పేరు నీదే రాస్తా.”

పెద్దన్న నడుచుకుంటూ వెళ్ళి ముందుగది తలుపు తీసి, లోపలికి పోయి, తనే మూసుకున్నాడు.

“నా పేరు కూడా కొట్టేయన్నా,” అంది వెంకటేశ్వరి.

*

మునిలక్ష్మి ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. “నువ్వు రాకుంటే నేను ఎక్కను వదినా,” అన్న మాట ఆరుసార్లు అంది. ఏడోసారి నాగేంద్రప్రసాద్ ఆమె సామాను మూట కట్టేశాడు.

“బిడ్డని మన ఊర్లో కను,” అంది వెంకటేశ్వరి ఆమె జడ అల్లుతూ. “మీ అన్నని నేను తీసుకొస్తా.”

ఆ మాట నమ్మకంతో అనలేదు. జడ పూర్తి చేయాలి గనుక అంది.

పరంజ్యోతి తన పెట్టె సర్దుకుంటూనే ఆమెకు ఒక్కొక్కటీ చెప్పింది. నీళ్ళు ఎంత తాగించాలి. బిళ్ళ ఎన్ని గంటలకు. రోగిని ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. “పెదవులు నీలంగా మారినా, మాటలు తడబడినా తేలిగ్గా తీసుకోకు. అన్నింటికంటే ఊపిరి ముఖ్యం. గడియారం చూసి ఒక నిమిషం లెక్కపెట్టు. ఇరవై లోపు ఉంటే భయం లేదు. ముప్పై దాటిందంటే ఆక్సిజన్ కావాలి. ఏ ఆసుపత్రి తెరిచి ఉంటే ఆ ఆసుపత్రికి, ఎవరి కాళ్ళు పట్టుకునైనా.”

వెంకటేశ్వరి అన్నీ మళ్ళీ అప్పజెప్పింది. ఉడకబెట్టి ఆరేసిన గుడ్డ మూతికి కట్టుకుని ముందుగది తలుపు దగ్గరికి వెళ్ళింది. తట్టింది.

“గంజి తెచ్చినా.”

మళ్ళీ తట్టింది.

“ఏమయ్యా.”

“ఎవరు ఉండమన్నారు నిన్ను?” తలుపు అవతల, చాలా దగ్గర నుంచి వచ్చిందా గొంతు. అతను తలుపుకి వీపు ఆనించి కూర్చున్నట్టున్నాడు.

“ఎవరూ అనలేదు.”

“నలుగురి ముందర నన్ను దొంగను చేసినావు.”

ఆమె తలుపు ఇవతల కూర్చుంది. గంజిగిన్నె ఒళ్ళో పెట్టుకుంది. హాలులో మూటలు కట్టే చప్పుళ్ళు, తాళ్ళు బిగించే చప్పుళ్ళు. తెరిచిన కిటికీలోంచి ఎండ వాలి వస్తోంది.

“సిస్టరమ్మ పోతాందా?” అన్నాడు చివరికి.

“పోతాంది. మునికి తోడు ఉండల్ల గదా.”

“మరి మమ్మల్ని చూసేది?”

“నేను.”

“నీకేం తెలుసు?”

“ఇప్పుడే నేర్చుకున్నా.” ఆమె గిన్నె పక్కన పెట్టింది. “నీ చేతికి గడియారం ఉండాది గదా. అందరికన్నా ముందు పడింది ఆంజి. వాని పక్కకి పో. వాని ఛాతీ చూడు. ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేస్తాందో లెక్కపెట్టు.”

కదలలేదేమో అనుకుంది. తర్వాత లేచిన చప్పుడు, నేల మీద నెమ్మదిగా నడిచిన అడుగులు వినిపించాయి. పెద్దన్న గొంతు, మొదట లోలోపల, ఆ తర్వాత పైకి, అంకెలు చెప్పడం మొదలుపెట్టింది. పది. పదిహేను. ఇరవై దాటింది. వెంకటేశ్వరి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. ఇరవై ఎనిమిది. ముప్పై. అతని గొంతు తగ్గిపోతోంది గానీ లెక్క ఆగడం లేదు.

“ముప్పై ఎనిమిది,” అన్నాడు పెద్దన్న. “ఈశ్వరీ, నిమిషం అయింది. ముప్పై ఎనిమిది. వాడు పిలిస్తే పలకడం లేదు.”

వెనక్కి తిరిగింది. పరంజ్యోతి పెట్టె మూత మీద చేతులు పెట్టి అలాగే నిలబడిపోయి ఉంది. ఆమెకూ వినపడింది. పక్కనే మునిలక్ష్మి, పొట్ట మీద చేతులు వేసుకుని, సిస్టర్ ముఖంలోకే చూస్తోంది.

“బస్సు ఎన్నింటికన్నారక్కా?” అంది పరంజ్యోతి.

“తెల్లారి ఐదింటికి. రాత్రంతా ఉండాది.”

పరంజ్యోతి పెట్టె మూత మళ్ళీ తెరిచి, స్టెతస్కోపు తీసుకుని ముందుగది వైపు నడిచింది.